కొల్లేరు దాటలేని నాలుగు నెలలు

నాకొచ్చిన జబ్బు ఏ స్కానింగులోనూ కనబడదు. కనబడి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు, ఆ ఫిల్మ్ పట్టుకుని ఇంటిల్లిపాదికీ చూపించి "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టి చెప్పేదాన్ని. ఇప్పుడు చాలావరకు తేరుకున్నాను కాబట్టి రాస్తున్నాను. పూర్తిగా తగ్గాక రాద్దామని కూర్చుంటే ఎప్పటికీ రాయలేనేమో. ఏదో ఒక బస్సులో, పక్క సీటువాళ్ళకి చెప్పుకోలేక, కొంగు పిడికిట్లో నలుపుకుంటూ కూర్చున్న మనిషి ఒక్కరు చదివినా నాకు చాలు.

మాది కైకలూరులో రొయ్యల మేత కొట్టు. కొట్టు మావారిది, వెనక గదిలో నీటి పరీక్షల బల్ల నాది. రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు తెస్తారు, నేను పరీక్ష చేసి ఏం వెయ్యాలో ఏం మానాలో కాగితం మీద రాసిస్తాను. చెరువులో ప్రాణవాయువు తగ్గితే రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడు ఎవరు ఫోన్ చేసినా నా నోట మొదట వచ్చే మాట "ముందు మేత ఆపండి". తిన్నది అరగాలన్నా గాలి కావాలి, తినకుండా మిగిలింది అడుగున కుళ్ళినా గాలి లాగేస్తుంది. పద్నాలుగేళ్ళుగా రోజుకి పదిసార్లు అన్న మాట అది. ఈ మాటే తర్వాత నా కొంప ముంచింది, ఆ సంగతి చెబుతాను.

మాకు ఒక్కతే కూతురు, లాస్య. ఎనిమిదో తరగతికి ఏలూరులో హాస్టల్లో వేద్దామన్నది నేనే. మావారికి ఇష్టం లేదు, అత్తయ్యగారికి అసలే లేదు, పిల్లకైతే చెప్పక్కర్లేదు. పంతం నాది. జూన్‌లో గేటు దగ్గర దింపినప్పుడు అది నా చెయ్యి వదల్లేదు. "ప్రతి నెలా రెండో ఆదివారం చూడనిస్తారు కదా, ఒక్కటీ మానను, ఒట్టు" అన్నాను. అప్పుడు వదిలింది.

జూలైలో రెండో ఆదివారం వెళ్ళాను. పులిహోర, చేగోడీలు పట్టుకెళ్ళాను. బాగానే ఉంది, రెండు మార్కులు తగ్గాయని గొణిగింది, అంతే. మధ్యాహ్నం రెండింటికి తిరుగు బస్సెక్కాను. ఏలూరు నుంచి మా ఊరికి దారి కొల్లేరు మధ్యలోంచే. కొంత దూరం పోయాక రెండు పక్కలా నీళ్ళు, గుర్రపుడెక్క, కొంగలు తప్ప ఇంకేం ఉండవు. చిన్నప్పటి నుంచి చూసిన దారే.

గుడివాకలంక దాటాక గుండె ఒక్కసారి దబ్బున కొట్టుకుంది. తర్వాత ఆగకుండా పరిగెత్తింది. ఊపిరి లోపలికి వస్తోంది గాని అడుగుదాకా చేరట్లేదు. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, పెదాలు మొద్దుబారాయి, గొంతులో ఉసిరికాయ అడ్డంపడ్డట్టు అయింది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. అనుకోవడం కాదు, నాకు తెలిసిపోయింది. దిగిపోవాలి. ఎక్కడికి దిగుతాను? కిటికీలోంచి చూస్తే నీళ్ళు, అవతలి కిటికీలోంచి చూస్తే నీళ్ళు. బస్సు తలుపు మూసి ఉంది. నడవాలో జనం నిలబడి ఉన్నారు. చావడం కన్నా అంతమందిలో చస్తానన్న సిగ్గు ఎక్కువగా ఉంది.

మండవల్లి నుంచి మా దగ్గరికి పరీక్షకి చెరువు నీళ్ళు తెచ్చే రైతు సత్యనారాయణగారు అదే బస్సులో ఉన్నారు. "రమగారూ, ఏవైందండీ? మొహం అలా పాలిపోయిందేంటండీ?" అని, నేను జవాబు చెప్పేలోపే కండక్టర్ని కేకేసి బస్సు ఆపించారు. నాతోపాటు ఆయనా దిగారు. చప్టా గోడ మీద కూర్చోబెట్టి, గొడుగు విప్పి ఎండ తగలకుండా పట్టుకుని నిలబడ్డారు. అరవయ్యేళ్ళ మనిషి, తను మాత్రం ఎండలోనే. అరగంటలో అంతా దానంతటదే పోయింది. మావారు కారు తీసుకొచ్చేసరికి నేను మామూలుగా ఉన్నాను, అదే అన్నిటికన్నా అవమానం.

ఆగస్టు మొదటి వారమంతా పరీక్షలు. భీమవరంలో గుండె డాక్టరు దగ్గర టోకెన్ నలభై ఏడు. ఒకే ఇనపకడ్డీకి బిగించిన అయిదు కుర్చీలు, ఒకరు కదిలితే అయిదుగురం ఊగాలి. గోడ మీద టీవీ మాట లేకుండా ఆడుతోంది. ఆ హాల్లో తలుపు ఎటుందో, నాకూ తలుపుకీ మధ్య ఎన్ని మోకాళ్ళున్నాయో లెక్కపెట్టుకుంటూ మూడు గంటలు కూర్చున్నాను. ఈసీజీ తీశారు, గుండెకి స్కానింగ్ చేశారు, కదిలే పట్టా మీద పరిగెత్తించారు. చివరికి ఆయన కాగితాలు మడిచి, "మీ గుండె బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నారు. మావారు దణ్ణం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో కాదు. గుండె కాకపోతే మరేంటి? పేరు లేని దానికి మందెక్కడ దొరుకుతుంది?

ఒకటి మాత్రం చెప్పాలి. ఛాతీలో నొప్పొచ్చినా, ఊపిరాడకపోయినా ముందు ఆ పరీక్షలు చేయించుకోవలసిందే. ఇది భయమేలే అని ఎవరికి వాళ్ళు తేల్చుకోకూడదు. నా తప్పు పరీక్షలు చేయించుకోవడం కాదు, బాగుందన్నాక కూడా పరీక్షిస్తూనే ఉండడం.

కరోనా రోజుల్లో కొన్న, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు బీరువాలో ఉంటే తీశాను. తొంభై ఎనిమిది. పది నిమిషాలాగి మళ్ళీ. తొంభై ఏడు. ఒక్క అంకె తగ్గితే గుండె జారేది, జారిన గుండె వేగం కూడా ఆ మీటర్లోనే కనబడేది, అది చూసి ఇంకా పరిగెత్తేది. వంటింట్లో, కొట్టులో, పూజ గదిలో కూడా అది నా వేలికే ఉండేది.

అప్పుడే మేత ఆపాను. నవ్వకండి. ఊపిరి అందనప్పుడల్లా తిండి మానేసేదాన్ని. ఎవరూ చెప్పలేదు, ఆలోచించి చేసిందీ కాదు. గాలి తగ్గింది, మేత ఆపాలి, అంతే, చెయ్యి కంచం దగ్గరికి వెళ్ళేది కాదు. పొద్దున్న టీ, మధ్యాహ్నం ఇంకో టీ. సాయంత్రానికి చేతులు వణికేవి, కళ్ళు తిరిగేవి, గుండె దడదడలాడేది. చూశావా, జబ్బు ముదురుతోంది అనుకుని మర్నాడు ఇంకాస్త తగ్గించేదాన్ని. చెరువుకి పనికొచ్చే వైద్యం మనిషికి చేసుకున్నాను. ఆ ఒక్క నెలలో ఆరు కిలోలు తగ్గాను.

అత్తయ్యగారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. "ఏమీ లేదన్నారు కదమ్మా డాక్టరుగారు, మరింకా ఎందుకలా ఉంటావు?" అని అడిగారు. ఆవిడ అడిగినదాంట్లో కోపం లేదు, నిజంగానే అర్థం కాక అడిగారు.

ఆగస్టు రెండో ఆదివారం కారెక్కాను. మావారు పక్కనే ఉన్నారు, కిటికీలు దించారు. మొదటి వంతెన కనబడగానే మళ్ళీ అదే. "ఏవండీ, వెనక్కి తిప్పండి" అన్నాను. ఆయన కారు పక్కకి తీసి ఆపారు. "పిల్ల గేటు దగ్గర నిలబడి ఉంటుంది రమా. గుండె బాగుందన్నారు, ఇంకెవరు చెప్పాలి నీకు?" అన్నారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. నన్ను ఇంట్లో దింపి తనొక్కరే వెళ్ళారు. నేనెందుకు రాలేదని లాస్య అడిగితే కొట్టులో పని ఉందని చెప్పారట.

సెప్టెంబరులో వానలు దంచికొట్టాయి. కొల్లేరు పొంగి రోడ్డెక్కింది, రెండో ఆదివారానికి బస్సులు ఆపేశారు. ఊరు ఊరంతా గట్లు తెగుతాయని ఏడుస్తుంటే నేను లోపల సంతోషించాను. ఈసారి నా తప్పు కాదు, దారే లేదు. ఈ మాట అప్పట్లో ఎవరితోనూ అనలేదు. ఆ నెల ఫోన్లో లాస్య "వరదలు తగ్గాక వస్తావా?" అంది. "వస్తానమ్మా" అన్నాను. అలా అబద్ధం చెప్పడం నాకు సులువైపోయింది.

వరద తీశాక సత్యనారాయణగారు నీళ్ళ సీసాతో వచ్చారు, ఆ రోజుకది మూడోసారి. నాకు ఒళ్ళు మండింది. "పొద్దున్న చూసిన నీళ్ళే కదండీ ఇవి? గంటగంటకీ వలేసి రొయ్యల్ని పైకి తీసి చూస్తున్నారట. జబ్బుతో పోకపోయినా మీరు వలేసి వలేసి చంపేసేలా ఉన్నారు. వదిలెయ్యండి వాటిని" అని కేకలేశాను. ఆయన నొచ్చుకోలేదు. నా వేలి వైపు చూశారు. మీటరు ఎర్రగా వెలుగుతోంది.

"అలాగేనండి" అన్నారు. సీసా మూత బిగిస్తూ, "మరి మీరేం చేస్తున్నారమ్మా?" అన్నారు.

మీటరున్న చెయ్యి బల్ల కిందికి దించాను. ఆయన సీసా అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

దాంతో బుద్ధొచ్చిందని రాస్తే బాగుంటుంది గాని, రాలేదు. మీటరు సొరుగులో పడేశాను, ఆ రోజు నుంచి మణికట్టు పట్టుకుని నాడి చూసుకోవడం మొదలెట్టాను.

దసరా సెలవులకి లాస్యని వాళ్ళ నాన్న వెళ్ళి తీసుకొచ్చారు. పది రోజులు ఇంట్లో నేను అంతా బాగున్నట్టే నటించాను. పిల్లకి వడ్డించి "నేను తర్వాత తింటాలే" అనేదాన్ని. అది నన్ను చూసేది, ఏమీ అడిగేది కాదు. తిరిగి వెళ్ళే రోజు పెట్టె కారులో పెట్టుకుని, వెనక తలుపు తీసి, నా కోసం జరిగి కూర్చుంది. నేను మెట్ల మీదే నిలబడ్డాను. "కొట్టులో..." అన్నాను. అది తలుపు వేసేసింది. తర్వాత రెండుసార్లు ఫోన్ చేస్తే దగ్గరికి రాలేదు, చదువుకుంటోందని వార్డెన్ చెప్పింది.

కూతురు పోతోంది నాకు. చచ్చిపోతానేమోనన్న భయంతో బతికున్న పిల్లని పోగొట్టుకుంటున్నాను.

తప్పంతా ఆ రోడ్డుదే అనుకుని, అక్టోబరులో చుట్టుదారి పట్టాను. మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. అన్నయ్యది ఉల్లిపాయల మార్కెట్లో హోల్‌సేల్ కొట్టు. ఆకివీడు, గణపవరం మీదుగా మావారు కారులో దింపారు. మధ్యలో రైల్వే గేటు పడి, ముందు లారీ, వెనక లారీ అయినప్పుడు తలుపు తీసుకుని రోడ్డు మీద నిలబడ్డాను, అయినా చేరాను. మర్నాడు రెండో ఆదివారం, సుజాత వదినని తోడు తీసుకుని హైవే మీద ఏలూరు బస్సెక్కాను. కొల్లేరు లేదు, వంతెనల్లేవు, రెండు పక్కలా వరిచేలే. ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కదా, బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఉంగుటూరు దాకా వెళ్ళగలిగాను. అక్కడ జనాన్ని తోసుకుని దిగిపోయాను.

స్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఏడ్చాను. రోడ్డు కాదు, నీళ్ళు కాదు. ఏ దారిన వెళ్ళినా నాతోపాటు నేనే వస్తున్నాను, దీంట్లోంచి దిగడం ఎలాగ? వదిన సోడా కొనిచ్చింది, నా చెప్పు తెగితే తన చెప్పులు నాకిచ్చి తను ఉత్తికాళ్ళతో నిలబడింది. "రేపు ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను. మనసు డాక్టరు. కాదనకు" అంది.

"మార్కెట్ వాళ్ళెవరైనా చూస్తే?"

"నా పేరు మీద టోకెన్ రాయిస్తాలే. చూస్తే నాకే పిచ్చనుకుంటారు. మీ అన్నయ్య ఎలాగూ రోజూ అంటూనే ఉన్నారు."

నిజంగానే తన పేరే రాయించింది. లోపలి నుంచి "సుజాతగారూ" అని పిలిస్తే ఇద్దరం లేచాం. నెలల తర్వాత నవ్వొచ్చింది.

డాక్టరమ్మకి నలభై ఉంటాయేమో. నా కాగితాలన్నీ ఓపిగ్గా చూసి, పొద్దున్న ఏం తిన్నారని అడిగింది. టీ అన్నాను. నిన్న రాత్రి? ఏం లేదన్నాను. ఎందుకని అడిగితే, చెరువులో గాలి తగ్గితే మేత ఆపడం గురించి చెప్పాను. చెబుతుంటే నాకే వినబడింది నేనేం మాట్లాడుతున్నానో. ఆవిడ నవ్వలేదు. "మీకు గాలి తక్కువ కాలేదండీ, ఎక్కువైంది" అంది. తర్వాత నాతో ఒక పని చేయించింది. గడియారం చూస్తూ ఒక్క నిమిషం నోటితో గబగబా ఊపిరి తీయమంది. ముప్పై సెకన్లు దాటకుండానే వేళ్ళు తిమ్మిరెక్కాయి, పెదాలు మొద్దుబారాయి, తల తేలిపోయింది. బస్సులో వచ్చింది అచ్చం ఇదే! "ఇప్పుడు నెమ్మదిగా బయటికి వదలండి, లోపలికి తీసినదానికన్నా ఎక్కువసేపు" అంది. మూడు నాలుగు నిమిషాల్లో పోయింది.

ఆ గదిలో నాకు కలిగింది ఊరట కాదు, కోపం. ఇన్నాళ్ళూ ఊపిరి చాలట్లేదని లాక్కుంటూ లాక్కుంటూ దీన్ని పెంచింది నేనేనా? ఆ మాటే అడిగాను. "మీరు కావాలని చెయ్యలేదు. పాము కనబడితే పరిగెత్తడానికి ఒళ్ళు ఎలా సిద్ధమవుతుందో మీ ఒళ్ళు అలాగే సిద్ధమైంది. పామే లేదు. గుండె దడ నిజం, తిమ్మిరి నిజం, చెమట నిజం. చావు మాత్రం నిజం కాదు" అంది. "ఏమీ లేదు" అనకుండా ఉన్న మొదటి మనిషి ఆవిడ.

మాత్రలు రాసింది, వేసుకున్నాను, దాచాల్సిందేమీ లేదు. వేళకి తినమంది. టీ ఒకటికి తగ్గించమంది. నాడి చూసుకోవద్దంది, అన్నిటిలోకీ అదే కష్టమైంది, ఖాళీగా ఉన్న చేతికి పని కావాలని ఒడియాలు పెట్టాను, అవసరం లేకపోయినా. ఇక ఆ రోడ్డు సంగతి. ఒకేసారి దాటొద్దు, కొంచెం కొంచెంగా వెళ్ళండి, భయం వచ్చినప్పుడు మాత్రం పారిపోకండి, అది పెరిగి తగ్గేదాకా అక్కడే ఉండండి అంది. వినడానికి ఎంత తేలిక!

అక్టోబరు ఆఖర్నుంచి మావారు రోజూ సాయంత్రం నాలుగింటికి కొట్టు మూసి నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళేవారు. మొదటి రెండు మూడు రోజులు వంతెన ముందే ఆగేవాళ్ళం. ఆయన స్కూటర్ స్టాండు వేసి, పక్కన నిలబడి వేరుశెనక్కాయలు వొలిచేవారు. నాకు వచ్చేది. కాళ్ళు వణికేవి. గడియారం చూస్తే పన్నెండు నిమిషాలు, ఒక్కోసారి ఇరవై. తగ్గేది. ఆ పైన వంతెన మధ్యదాకా. తర్వాత బస్సులో ఒక స్టాపు. ఒకసారి రెండో స్టాపులో ఓడిపోయి దిగిపోయాను, ఇంటికొచ్చి గిన్నెలు విసిరేశాను. ఆయన అవి ఏరి లోపల పెట్టి, "రేపు నాలుగింటికి" అన్నారు, అంతే.

నవంబరు రెండో ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కాను. తోడు వస్తానంటే వద్దన్నాను. కడుపునిండా ఇడ్లీ తిన్నాను. సరిగ్గా ఆ గుడివాకలంక దగ్గరే వచ్చింది, ఏమీ తగ్గకుండా, జూలైలో వచ్చినంతా వచ్చింది. ఊపిరి వదలడం, వదలడం, ఇంకా వదలడం. పక్కనామె "ఒంట్లో బాలేదా అండీ?" అంది. "భయమండీ, కాసేపటికి పోతుంది" అన్నాను. ఆవిడ నా సంచీ తన ఒళ్ళో పెట్టుకుంది. శ్రీపర్రు దాటింది. పోలేదు. ఏలూరు వచ్చింది, బస్టాండులో దిగాను, అప్పటికీ పూర్తిగా పోలేదు. దాంతోనే ఆటో ఎక్కాను.

హాస్టల్ భోజనాల హాల్లో లాస్య బల్లకి అవతల కూర్చుంది. పొడుగైంది. "కొట్టులో పని అయిపోయిందా?" అంది, పెద్దమనిషిలా.

"పని లేదే. అబద్ధం. బస్సెక్కితే చచ్చిపోతానని భయమేసేది. గుండె దడ, చేతులు తిమ్మిరి, ఊపిరాడదు. అందుకే రాలేదు."

అది బల్ల మీద గోటితో గీతలు గీసింది. తర్వాత, ఎవరూ వినకుండా, "నాకూ వస్తుందమ్మా" అంది.

"ఎప్పుడే?" అన్నాను.

"స్టడీ అవర్లో. చేతులు చల్లబడిపోతాయి, గొంతు పట్టేస్తుంది. పరీక్షలప్పుడు ఎక్కువ. వార్డెన్ మేడం ఏం లేదు, నటన అంది. నాన్నకి చెబితే భయపడతారు. నీకు చెబుదామంటే..."

జూలై నుంచట. నేను బస్సు దిగి చప్టా మీద కూర్చున్న ఆ నెల నుంచే పిల్ల ఇక్కడ ఒంటరిగా అవస్థ పడుతోంది. నా పంతం కొద్దీ తెచ్చి ఇక్కడ దింపాను, వస్తానని ఒట్టు పెట్టి రాలేదు. ఏం కాదులే తల్లీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.

"నీకిప్పుడు తగ్గిపోయిందా?" అంది.

"లేదు. ఇప్పుడు కూడా ఉంది."

"మరెలా వచ్చావు?"

మొదటి నుంచి చెప్పడం మొదలెట్టాను. పైన రాసిందంతా ముందుగా చెప్పింది దానికే. మేత ఆపిన దగ్గర నవ్వింది, ఉంగుటూరు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ గది దాకా వచ్చేసరికి గంట కొట్టారు. తల్లిదండ్రులంతా లేచారు, హాల్లో ఒక తలుపు మూసేశారు, వార్డెన్ మా బల్ల దగ్గరికొచ్చి, "టైమైపోయిందండీ, మీరు బయటికెళ్ళాలి" అంది.

"ఇక్కడిదాకా రావడానికి నాకు నాలుగు నెలలు పట్టిందండీ" అన్నాను. "నేనిప్పుడు వెళ్ళను."